ఆయాసపడే మనిషి పక్కకే స్కాను రావాలి

ధర్మపురి జిల్లాలో పెన్నాగరం దాటి దక్షిణంగా పోతే ఏరియూరు వస్తుంది. ఆ పక్కన మేట్టూరు జలాశయం వెనకనీళ్లు, నాగమరై రేవు, నీళ్లకు అవతల సేలం జిల్లా. ఇళ్లల్లో తమిళంతో పాటు తెలుగూ కన్నడమూ వినిపించే సీమ ఇది. వానలు మొహం చాటేసిన ఏడాది చాలా కుటుంబాలు బెంగళూరు కట్టడాల పనులకు తరలిపోతాయి, ముసలివాళ్లూ పిల్లలూ ఊళ్లో మిగులుతారు. అలాంటి ఇంట్లో అర్ధరాత్రి ఒక పెద్దాయనకు ఎగశ్వాస మొదలైతే 108కి ఫోన్ చేయాలి, లేదా ఏ ఆటోనో పట్టుకుని పెన్నాగరం ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ కుదరదంటే మరో 30 కిలోమీటర్లు, ధర్మపురి మెడికల్ కాలేజీ ఆసుపత్రి దాకా.

ఈ దారి పొడవునా ఆ పెద్దాయన ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. గుండె నీరసించి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరి ఉండవచ్చు. నెమ్ము చేసి ఉండవచ్చు. బీడీలకు పాడైన శ్వాసనాళాలు బిగుసుకుపోయి ఉండవచ్చు. ఊపిరితిత్తికి చిల్లు పడి, గాలి బయటి పొరల మధ్య చేరి దాన్ని నొక్కుతూ ఉండవచ్చు. నాలుగింటికీ పైకి కనిపించే లక్షణం ఒక్కటే, ఆయాసం. వైద్యం మాత్రం నాలుగింటికీ నాలుగు రకాలు. ఒకరికి ప్రాణం పోసే సెలైన్ సీసా ఇంకొకరిని ముంచేస్తుంది. నీరు ఊరినవారికి లాసిక్స్ ఇంజెక్షన్ కావాలి, నాళాలు బిగుసుకున్నవారికి నెబ్యులైజర్ కావాలి, గాలి చేరినవారికి పక్కటెముకల మధ్య గొట్టం వేయాలి. ఆ నిర్ణయం తీసుకోవడానికి రాత్రి డ్యూటీ డాక్టరు చేతిలో స్టెతస్కోపు ఉంటుంది. అదృష్టం బాగుంటే ఎక్స్‌రే టెక్నీషియన్ ఉంటాడు.

మంచం దగ్గరే ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చేసే ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ ఇలాంటి రాత్రులకే పుట్టింది. తాలూకా స్థాయి ఆసుపత్రులకు ఆ పరీక్ష చేరాలి. దాన్ని చదవగలిగే డాక్టర్లూ అక్కడ ఉండాలి. ఈ రెండింటిలో రెండోదే కష్టం. ధర్మపురి లాంటి జిల్లాలో మూడో చిక్కు కూడా ఉంది, అది చట్టానికీ ఆడపిల్లల ప్రాణాలకూ సంబంధించినది. దాన్ని దాటవేసి ఈ పరీక్ష గురించి మాట్లాడటం న్యాయం కాదు.

ఊపిరితిత్తులకు అల్ట్రాసౌండ్ పనికిరాదని వైద్య విద్యార్థులకు దశాబ్దాల పాటు నేర్పారు. కారణం సులువే. ధ్వని తరంగం మెత్తటి కండలో నుంచి గాలి దగ్గరికి రాగానే దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. కాలేయం, మూత్రపిండం, గర్భాశయం కనిపించినట్టు గాలి నిండిన ఊపిరితిత్తి కనిపించదు. తెర మీద కనిపించేవి తప్పుడు గీతలేనని రేడియాలజిస్టులు వాటిని పక్కన పెట్టేవారు. పారిస్ శివార్లలోని బూలోన్-బియాంకూర్ పట్టణంలో ఆంబ్రువాజ్ పారే ఆసుపత్రి ఉంది. అక్కడి ఐసీయూలో పనిచేసిన డానియల్ లిష్టెన్‌స్టయిన్ ఆ తప్పుడు గీతలనే చదవడం మొదలుపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి ఒక రకం గీతలు గీస్తుందనీ, నీరు ఊరినది మరో రకం గీస్తుందనీ, గాలి బయటికి చేరినప్పుడు తెర మీద కదలికే ఆగిపోతుందనీ ఆయన 1990ల నుంచి వరసగా రాస్తూ వచ్చారు. అంతకు ముందే 1986లో ఒక పశువైద్యుడు గుర్రం ఛాతీలో ఊపిరితిత్తి జారే కదలికను వర్ణించారు. మనుషుల డాక్టర్లు దాన్ని పట్టించుకోవడానికి సుమారు పదేళ్లు పట్టింది.

తెర మీద ఏం కనిపిస్తుందో కాస్త దగ్గర్నుంచి చూడాలి. మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాలరెముకకు కింద, రెండు పక్కటెముకలకు అడ్డంగా, కాస్త జెల్ రాసి ప్రోబ్ నిలువుగా ఆనించాలి. తెర మీద అటూ ఇటూ రెండు ఎముకల నల్లటి నీడలు పడతాయి. వాటి నడుమ కొంచెం కిందగా ఒక తెల్లటి గీత మెరుస్తుంది. ఎముకలూ ఆ గీతా కలిసి రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటాయని డాక్టర్లు దాన్ని గబ్బిలం గుర్తు అంటారు. ఆ తెల్లటి గీతే ప్లూరా, ఊపిరితిత్తినీ ఛాతీ గోడనూ కప్పే రెండు పొరలు కలిసే చోటు. మనిషి ఊపిరి పీల్చి వదులుతుంటే ఆ గీత మిలమిలా మెరుస్తూ ముందుకీ వెనక్కీ జారుతుంది. ఆ జారుడు కనిపించిందంటే ప్రోబ్ కింద ఆ చోట రెండు పొరల మధ్య గాలి చేరలేదని ధైర్యంగా చెప్పవచ్చు. పరీక్ష మొత్తంలో ఇంత గట్టిగా చెప్పగలిగే మాటలు ఎక్కువ లేవు.

గీతకు కిందగా, సమాన దూరాల్లో అడ్డంగా పడే గీతలు ఏ-లైన్లు. మంగలి షాపులో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చున్నవాడి ముఖం ఒకదాని వెనక ఒకటిగా కనిపించినట్టు, ధ్వని చర్మానికీ ప్లూరాకూ మధ్య పదేపదే తిరగడం వల్ల పుట్టే ప్రతిబింబాలు అవి. కింద గాలి ఉందని మాత్రమే అవి చెబుతాయి. ఆ గాలి ఊపిరితిత్తి లోపల ఉందా బయట ఉందా అన్నది జారుడును బట్టి తేల్చుకోవాలి. ప్లూరా నుంచి పుట్టి తెర అడుగు దాకా నిలువుగా దిగే తెల్లటి కిరణాలు బీ-లైన్లు. ఊపిరితో పాటే అవీ కదులుతాయి, దారిలో ఏ-లైన్లను తుడిచేస్తాయి. రెండు పక్కటెముకల మధ్య ఒక్క చూపులో మూడో అంతకంటే ఎక్కువో కనిపిస్తే అక్కడి ఊపిరితిత్తి తడిగానో మందంగానో మారిందని అర్థం. నెమ్ముతో గట్టిపడ్డ భాగం కాలేయంలా కండగట్టి కనిపిస్తుంది. పొరల మధ్య చేరిన నీరు నల్లగా తేలుతుంది.

లిష్టెన్‌స్టయిన్ బృందం ఈ గీతలకు ఒక క్రమం ఏర్పరచి 2008లో బ్లూ ప్రోటోకాల్ పేరుతో ప్రచురించింది. తీవ్రమైన ఆయాసంతో ఐసీయూలో చేరిన 260 మందిని పరీక్షిస్తే 90.5 శాతం మందిలో అసలు జబ్బు సరిగ్గా దొరికింది. అంతకు నాలుగేళ్ల ముందు, ఏఆర్‌డీఎస్ అనే తీవ్ర ఊపిరితిత్తుల వైఫల్యంలో ఉన్న 32 మందిని సీటీ స్కాను కొలబద్దగా పెట్టుకుని పరిశీలించారు. ఛాతీ పొరల్లో నీటిని పట్టుకోవడంలో స్టెతస్కోపు ఖచ్చితత్వం 61 శాతం, మంచం దగ్గర తీసిన ఎక్స్‌రేది 47 శాతం, అల్ట్రాసౌండ్‌ది 93 శాతం. నెమ్ముతో గట్టిపడ్డ భాగాలను పట్టుకోవడంలో అదే వరసలో 36, 75, 97. స్టెతస్కోపు మీద వైద్యలోకానికి ఉన్న భక్తిని తక్కువ చేయనక్కర్లేదు గానీ, వెంటిలేటర్ మోత మధ్య చెవికి వినపడేది ఎంతో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. గాలి చేరిన ఛాతీ విషయంలోనూ 2012లో వచ్చిన ఒక సమీక్ష ఇలాంటి తేడానే చూపింది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే అలాంటివారిలో సగం మందిని పట్టుకుంటే, అల్ట్రాసౌండ్ సుమారు 91 శాతం మందిని పట్టుకుంది.

ఈ అంకెలు చూసి, మెషీను కొనిస్తే చాలు ప్రాణాలు నిలబడతాయని అధికారులు అనుకునే ప్రమాదం ఉంది. ఇవి ఆరితేరిన చేతుల్లో వచ్చిన ఫలితాలు. గీతను చూడటం ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. ఆ గీతను నమ్మాలా వద్దా అన్నది మాత్రం రోగి పక్కన నిలబడి, తప్పును వెంటనే సరిదిద్దే గురువు దగ్గర నేర్చుకోవాల్సిన విద్య.

ప్లూరా జారడం లేదనగానే గాలి చేరిందని కొత్త డాక్టరు తేల్చేస్తాడు. అయితే క్షయ తగ్గిన మనిషిలో రెండు పొరలూ అతుక్కుపోయి జారుడు ఉండకపోవచ్చు. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగోవంతు మంది భారతదేశంలోనే ఉన్నారు కనుక పశ్చిమ దేశాల పాఠ్యపుస్తకంలో ఒక మూలన ఉండే ఈ హెచ్చరిక మనకు మొదటి పేజీలో ఉండాలి. శ్వాసగొట్టం పొరపాటున కుడి ఊపిరితిత్తిలోకి మరీ లోపలికి దిగితే ఎడమ పక్క కదలదు. ఏళ్ల తరబడి బీడీ తాగినవారి ఊపిరితిత్తుల్లో ఏర్పడే పెద్ద గాలి బుడగల దగ్గరా జారుడు కనిపించకపోవచ్చు. జారుడు లేదన్న ఒక్క ఆధారంతో వీళ్లలో ఎవరికైనా పక్కటెముకల మధ్య గొట్టం దించితే అది నేరుగా ఊపిరితిత్తిలో గుచ్చుకునే ప్రమాదం ఉంది.

అందుకే నిదానం తెలిసినవారు ప్రోబ్‌ను పక్కకు జరుపుతూ, జారుడు ఉన్న చోటూ లేని చోటూ ఒకే తెర మీద కలిసే అంచు కోసం వెతుకుతారు. దాన్ని లంగ్ పాయింట్ అంటారు. అది దొరికితే గాలి చేరిందన్నది ఖాయం. లిష్టెన్‌స్టయిన్ 2000లో రాసిన లెక్క ప్రకారం అది తప్పు చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు. కానీ గాలి చేరిన ప్రతి ముగ్గురిలో ఒకరిలో అది అసలు దొరకనే దొరకదు. ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోతే ఆ అంచు ఎక్కడా ఉండదు. అప్పుడు గుండె కొట్టుకున్నప్పుడల్లా ప్లూరా సన్నగా అదురుతోందా, ఒక్క బీ-లైనైనా ఉందా అని చూడాలి. ఏది కనిపించినా పొరలు ఇంకా ఆనుకునే ఉన్నాయని లెక్క, అక్కడ గొట్టం జోలికి పోకూడదు.

బీ-లైన్లు ఇంకా మోసకారివి. గుండె వైఫల్యంలో నీరు ఊరినా అవే, నెమ్ములోనూ అవే, ఏఆర్‌డీఎస్‌లోనూ అవే, ఏళ్లుగా ఊపిరితిత్తులు పీచుకట్టిన మనిషిలోనూ అవే. గుండె వల్ల వచ్చినవైతే రెండు పక్కలా సమంగా, నున్నటి ప్లూరా నుంచి దిగుతాయి. ఏఆర్‌డీఎస్‌లో ప్లూరా గరుకుగా, తునిగినట్టు ఉంటుంది, మధ్యమధ్య బాగున్న చోట్లు మిగులుతాయి, కిందివైపు గట్టిపడ్డ ముక్కలు కనిపిస్తాయి. ఈ తేడా పట్టలేకపోతే నెమ్ముతో రక్తపోటు పడిపోయిన మనిషికి లాసిక్స్ ఇచ్చి ఉన్న కాస్త నీటినీ లాగేస్తారు. దీనికి తోడు మెషీన్ల సంగతి ఒకటుంది. కడుపు స్కానుకు బొమ్మ అందంగా రావాలని కంపెనీలు పెట్టే ఫిల్టర్లు ఈ తప్పుడు గీతలను తుడిచేస్తాయి. ఊపిరితిత్తికి కావాల్సినవే ఆ గీతలు. సెట్టింగు మార్చడం తెలియని డాక్టరు తడిసిపోయిన ఊపిరితిత్తిని చూసి బాగానే ఉందని రాసేస్తాడు, తప్పు చేశానన్న సంగతి కూడా అతనికి తెలియదు.

ఇంత కష్టమైతే తాలూకా ఆసుపత్రికి ఎందుకని అడిగేవారు ఉంటారు. అక్కడికి వచ్చే జబ్బులను చూస్తే జవాబు దొరుకుతుంది.

మెట్ట చేలల్లో, రాళ్ల గుట్టల్లో, పాత ఇటుక గోడల్లో ఎర్రతేలు ఉంటుంది. రాయలసీమ నుంచి తమిళనాడు మెట్ట ప్రాంతాల దాకా, అటు కొంకణ తీరంలోనూ ఇది పిల్లల పాలిట మృత్యువు. దాని విషం నాడీమండలాన్ని రెచ్చగొట్టి గుండె మీద తుఫానులా పడుతుంది. మొదట చెమటలు, వాంతులు, చల్లబడే చేతులు. కొన్ని గంటల్లో గుండె నీరసించి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980ల్లో దీని తీరును గమనించి, ప్రాజోసిన్ అనే చవకైన రక్తపోటు మాత్రతో మరణాలను బాగా తగ్గించవచ్చని లాన్సెట్ లాంటి పత్రికల్లో రాశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తేలు కుట్టిన బిడ్డకు వాంతులవుతున్నాయని సెలైన్ ఎక్కించాలా, నీరు ఊరుతోందని ఆపాలా అన్నది అక్కడి డాక్టరు ఎదుట నిలిచే ప్రశ్న. గురగుర శబ్దం చెవికి వినిపించక ముందే బీ-లైన్లు కనిపించవచ్చు. బిడ్డను కదిలించనక్కర్లేదు, తల్లి ఒళ్లో ఉండగానే ఛాతీ రెండు పక్కలా ప్రోబ్ పెట్టి చూడవచ్చు. గంటకోసారి మళ్లీ చూడవచ్చు.

డెంగీ సంగతీ అంతే. డెంగీలో ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు జ్వరం తగ్గిన తర్వాతే. రక్తనాళాల గోడలు కారి ద్రవం ఛాతీలోకీ కడుపులోకీ చేరుతుంది. ద్రవం తక్కువైతే షాక్, ఎక్కువైతే ఊపిరాడదు. పలచటి నీటి పొరను ఎక్స్‌రే కంటే ముందే అల్ట్రాసౌండ్ చూపుతుంది. పురుగుమందు తాగి వచ్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో ఊరే ద్రవాలు, వాంతి లోపలికి పోయి వచ్చే నెమ్ము కూడా తాలూకా ఆసుపత్రులకు రోజువారీ వ్యవహారమే. ఇక్కడ స్కాను పని రోగం పేరు కనిపెట్టడం ఒక్కటే కాదు. ఇచ్చిన మందుకు ఊపిరితిత్తి తడి ఆరుతోందా పెరుగుతోందా అన్నది, రేడియేషన్ బెడద లేకుండా, రాత్రంతా కనిపెట్టి చూడటానికి మరో దారి అక్కడ లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2003లో మరింత గట్టిపడి, పీసీపీఎన్‌డీటీ అన్న పేరు స్థిరపడింది. ధర్మపురిలో ఈ చట్టం పుస్తకానికే పరిమితమైన విషయం కాదు. సేలం, ధర్మపురి ప్రాంతాల్లో పుట్టిన ఆడబిడ్డలను చంపేస్తున్న దారుణం మీద గొడవ రేగితే, 1992లో జయలలిత ప్రభుత్వం సేలంలో ఊయల పథకం మొదలుపెట్టింది. వద్దనుకున్న బిడ్డను చంపకుండా ప్రభుత్వం పెట్టిన ఊయలలో వదిలి వెళ్లమనడం దాని ఉద్దేశం. 2001లో దాన్ని ధర్మపురికీ తెచ్చారు. అదే ఏడాది జనగణనలో ధర్మపురి జిల్లాలో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 826 మందే. 2011 నాటికి ఆ సంఖ్య 913కు చేరింది. కుదుటపడుతోందని అనుకుంటుండగానే, చేత పట్టుకెళ్లే స్కాన్ మెషీన్లతో ఇళ్లల్లో రహస్యంగా లింగనిర్ధారణ చేసి గర్భస్రావాలు చేయిస్తున్న ముఠాలు 2022లోనూ ఆ తర్వాతా ఈ జిల్లాలో పట్టుబడ్డాయి.

కాబట్టి జేబులో పట్టే స్కాను పేరెత్తితే ఈ జిల్లా అధికారులు ఉలిక్కిపడటంలో తప్పులేదు. ఆ ఉలికిపాటు వెనక వేల మంది ఆడపిల్లలు ఉన్నారు. డాక్టర్ల సంఘాలు కొన్నిసార్లు ఈ చట్టాన్ని గుమాస్తాల వేధింపుగా కొట్టిపారేయడం బాధ్యత లేని మాట. ఫారాలు సరిగ్గా నింపకపోవడాన్ని కేవలం రాతపొరపాటుగా చూడాలని గైనకాలజిస్టుల సమాఖ్య వేసిన పిటిషన్‌ను 2019 మే నెలలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అక్రమాన్ని పట్టుకునే ఆధారం ఆ ఫారమే కనుక ఆ తీర్పు సరైనదే.

అయితే చట్టం ఎక్కడ అడ్డు, ఎక్కడ కాదు అన్నది విడదీసి చూడాలి. బిడ్డ లింగాన్ని చూపగల మెషీను దేనికి వాడినా రిజిస్టర్ చేయించాలి. ఐసీయూలో ఛాతీకే వాడినా సరే. 2012లో మార్చిన నిబంధనల ప్రకారం కదిలే మెషీన్లను రిజిస్టరైన ఆసుపత్రి ఆవరణలోనే, అక్కడ చేరిన రోగులకు వాడవచ్చు. లేదా రకరకాల సేవలందించే సంచార వైద్య వాహనంలో వాడవచ్చు. అంటే పెన్నాగరం లాంటి ఆసుపత్రి వార్డులో రిజిస్టరైన మెషీనును మంచం నుంచి మంచానికి తోసుకెళ్లడానికి ఈ నిబంధన ఇప్పటికే చోటిచ్చింది. అక్కడ చట్టం పేరు చెప్పి మెషీనును రేడియాలజీ గదిలో తాళం వేసి ఉంచడం భయంతో చేస్తున్న పని.

అసలు అడ్డు శిక్షణ నిబంధనలో ఉంది. ఎంబీబీఎస్ డాక్టరు అల్ట్రాసౌండ్ చేయాలంటే ఆరు నెలల శిక్షణ పొందాలని 2014లో నిబంధనలు వచ్చాయి. వాటి పాఠ్యక్రమం కడుపు, కటి భాగాల స్కానింగు. ఛాతీ చూడాలనుకునే డాక్టరు ముందు గర్భాశయం చూడటం నేర్చుకోవాలన్నమాట. ఆడబిడ్డలను కాపాడటానికి పెట్టిన నిబంధన, పిండాన్ని చూడనక్కర్లేని డాక్టర్లకు కూడా పిండాన్ని చూసే నైపుణ్యం నేర్పుతోంది. ఛాతీ నేర్పే దారి మాత్రం చూపడం లేదు. ఇది రెండు విధాలా నష్టం.

ఛాతీ స్కానుకు విడిగా అనుమతి పెట్టాలి. ఛాతీ మాత్రమే నేర్పే శిక్షణ, ఛాతీకి మాత్రమే చెల్లే లైసెన్సు, ఆ లైసెన్సుతో గర్భిణి కడుపు మీద ప్రోబ్ పెడితే ఇప్పుడున్న శిక్షే. ఊపిరితిత్తుల స్కానుకు ఆరు నెలలు అక్కర్లేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎపెకో పేరుతో పలు దేశాల ఐసీయూల్లో జరిగిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. గురువు పక్కన ఉండగా సుమారు 25 పరీక్షలు చేస్తే తీవ్ర రోగుల ఊపిరితిత్తుల్లో మార్పులను పట్టుకునే పునాది నైపుణ్యం వస్తుందని అది తేల్చింది. పునాది అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఆ 25లో క్షయ మచ్చలున్నవారు, పీచుకట్టిన ఊపిరితిత్తులున్నవారు, గాలి చేరినవారు తగినంత మంది లేకపోతే మన వార్డులకు ఆ సంఖ్య చాలదు. ఇక్కడి శిక్షణలో రోగుల రకాలను కూడా లెక్కపెట్టాలి.

అభ్యంతరం ఒకటి మిగిలే ఉంటుంది. పగలు ఛాతీ చూసిన మెషీను రాత్రి కడుపు మీదికి పోదన్న హామీ ఏమిటి? పైపైనే చూపించే లీనియర్ ప్రోబ్ ఒక్కటే ఇస్తే సరిపోతుందని కొందరు డాక్టర్లు అంటారు. ప్లూరా జారుడు చూడటానికి అది చక్కగా పనికొస్తుంది. లోతుగా ఉన్న నీరు, గట్టిపడ్డ నెమ్ము దానికి అందవు. సన్నటి స్త్రీలో అది పిండాన్ని బొత్తిగా చూపదని ప్రమాణం చేయడమూ కష్టమే. ప్రోబ్‌ను నమ్ముకోవడం కంటే రికార్డును నమ్ముకోవడం మేలు. మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో 2009-10 ప్రాంతంలో కలెక్టరు చొరవతో స్కాన్ మెషీన్లకు సైలెంట్ అబ్జర్వర్ అనే పరికరాన్ని బిగించారు. జరిగే ప్రతి స్కానునూ అది రికార్డు చేసి ఉంచుతుంది. అంతకు ముందు 2004-05లో హైదరాబాదు కలెక్టరు అరవింద్ కుమార్ నగరంలోని స్కానింగ్ సెంటర్ల కాగితాలను తెప్పించి తనిఖీ చేయించారు. నిబంధనలు పాటించనివాటికి నోటీసులిచ్చారు, మెషీన్లు సీజ్ చేయించారు. నిఘా అంటే కాగితాన్నీ క్లిప్పునూ ఎవరో ఒకరు కూర్చుని చదవడమేనని ఆ రెండు ప్రయత్నాలూ చూపించాయి.

ఇక్కడే రెండు అవసరాలూ ఒక చోట కలుస్తాయి. ఛాతీ స్కాను తీసిన ప్రతిసారీ ఆరేడు సెకన్ల క్లిప్పు, తేదీ, సమయం, రోగి ఐపీ నంబరుతో మెషీనులో దాచి, చెరపడానికి వీల్లేకుండా మెడికల్ కాలేజీకి చేరిందనుకోండి. లింగనిర్ధారణ మీద నిఘా పెట్టే అధికారికి అది సాక్ష్యం. అదే క్లిప్పును ధర్మపురి మెడికల్ కాలేజీ రేడియాలజిస్టో మత్తు డాక్టరో వారానికోసారి తెరిచి, బీ-లైన్లు అన్నావు గానీ ఇది తెర అడుగు దాకా దిగలేదు చూడమని పెన్నాగరం డ్యూటీ డాక్టరుకు చెబితే అది పాఠం. 2008లో మొదలైన ఆ కాలేజీ ఈ పని నెత్తిన వేసుకోవడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొంత మంది సీనియర్ల సమయం కావాలి. ఆ సమయాన్ని డ్యూటీగా లెక్కించి జీవో ఇవ్వాలి. ఊరికే మంచితనం మీద నడిచే శిక్షణ ఒకటి రెండు బదిలీలతో ఆగిపోవడం మన ఆసుపత్రుల్లో ఎన్నోసార్లు చూసిందే.

108 అంబులెన్సు సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, 2008లో తమిళనాడుకు వచ్చింది. ఆ అంబులెన్సుల్లోనూ ఛాతీ స్కాను పెట్టాలన్న కోరిక కొందరు డాక్టర్లలో ఉంది. దానికి తొందరపడకపోవడమే మంచిది. ఊగే బండిలో, ఒక్క టెక్నీషియన్ చేతిలో, సరిదిద్దేవారు లేకుండా చదివిన గీత సాయం కంటే హాని ఎక్కువ చేయవచ్చు. ఊళ్ల మీద తిరిగే మెషీను మీద నిఘా పెట్టడమూ ఆసుపత్రిలో ఉన్నదాని మీద పెట్టినంత తేలిక కాదు. ముందు పెన్నాగరం, ఆ తర్వాత హరూరు, పాలక్కోడు లాంటి తాలూకా ఆసుపత్రులు. వాటి క్లిప్పులు ఒక ఏడాది చదివాక ఏరియూరు లాంటి చోట్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సంగతి చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఈ వరసే నయం. అక్కడా తేళ్లున్నాయి, క్షయ ఉంది, దూరాలున్నాయి.

మార్చాల్సిన నిబంధన కేంద్రానిది. ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014 నిబంధనల్లో ఛాతీకి ప్రత్యేక పాఠ్యక్రమం చేర్చి, పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ఉన్న పర్యవేక్షక బోర్డు చేత ఆమోదింపజేయాలి. ఆ బోర్డు ముందుకు ఈ అంశం వెళ్లేటప్పుడు ఐసీయూ డాక్టర్లతో పాటు, సేలం, ధర్మపురి జిల్లాల్లో ఆడబిడ్డల కోసం ఇన్నేళ్లు ఊరూరా తిరిగిన మహిళా కార్యకర్తలనూ పిలవాలి. మెషీను ఎక్కడ ఉంచాలి, తాళం ఎవరి దగ్గర ఉండాలి, క్లిప్పులు ఎవరు చూడాలి అన్నవాటిపై వాళ్ల మాటకు డాక్టర్ల మాటతో సమానమైన విలువ ఉండాలి. రాష్ట్రం తన వంతుగా తాలూకా ఆసుపత్రుల్లో ఇప్పటికే రిజిస్టరై ఉన్న మెషీన్లను రాత్రిపూట వార్డులోకి తేవడానికి డ్యూటీ డాక్టరుకు లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు, కనీసం అర్హత ఉన్న పీజీ డాక్టర్లు డ్యూటీలో ఉన్న రాత్రుల్లోనైనా. దానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, జిల్లా అధికారి సంతకం చాలు.